పదకేళి అభ్యాసం – 3వ పాఠం: ఆధారాన్ని విడగొట్టడం

పదకేళి అంటే గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్). ఆధారం అంటే గడులలో నింపవలసిన పదాన్ని సూచించే మాట, దాని చివర బ్రాకెట్లో ఉన్నది ఆ పదంలోని అక్షరాల సంఖ్య. క్రిందటి పాఠం చివర ఇచ్చిన రెండు ఆధారాల సమాధానాలు ముందుగా చూద్దాం. "ఎటునుంచి చదివినా మారని చిన్న నిద్ర (3)" అన్నదానికి సమాధానం కునుకు. "ఎటు తిరిగినా నటుడి పని (3)" అన్నదానికి నటన. రెండోదానికి 'నాటకం' అని రాసినవారు అర్థాన్ని పట్టుకుని, 'ఎటు తిరిగినా' అన్న మాటను గాలికి వదిలేశారు. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసమే.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు అక్షరాల లెక్క ఒకసారి గుర్తుచేసుకోవాలి. తెలుగు పదకేళిలో ఒక గడికి ఒక అక్షరం. ఒత్తులూ గుణింతమూ సున్నా దాన్ని విడిచి పోవు. కాబట్టి 'స్వాతంత్ర్యం' చూడటానికి ఎంత బరువుగా ఉన్నా స్వా, తం, త్ర్యం అని మూడు గడులలోనే ఇమిడిపోతుంది. అలాగే 'తలపు'ను తారుమారు చేసి 'తలుపు' తెస్తామంటే కుదరదు, ఎందుకంటే లకారానికి కొమ్ము ఎక్కడినుంచో అరువు తేవలసి వస్తుంది.

ఇప్పుడు ఈ ఆధారం చూడండి: "మామ నసుగుతూ దాచుకున్న హృదయం (3)". వాక్యంగా చదివితే ఏదో చెప్పలేక సతమతమవుతున్న ఒక మామ కళ్ళకు కడతాడు, ఆ బొమ్మ వెంట పడితే సమాధానం ఎప్పటికీ దొరకదు. కూర్పరి, అంటే ఆధారాన్ని తయారుచేసినవారు, ఆ బొమ్మను గీసింది మన చూపు మళ్ళించడానికే. వాక్యాన్ని వాక్యంగా చదవడం మానేసి మూడు ముక్కలు చేద్దాం. చివరనున్న 'హృదయం' నిర్వచనం, అంటే సమాధానానికి అర్థం. 'దాచుకున్న' అన్నది సూచకం, అంటే ఏం చేయాలో చెప్పే మాట. మిగిలిన 'మామ నసుగుతూ' సరుకు. ఈ సరుకును పదాల మధ్యనున్న ఖాళీని పట్టించుకోకుండా మా-మ-న-సు-గు-తూ అని విడివిడిగా రాసుకోండి. రెండో అక్షరం నుంచి నాలుగో అక్షరం వరకు చదివితే మనసు బయటపడుతుంది. గడులు మూడు, అక్షరాలు మూడు, అర్థం హృదయం: మూడు లెక్కలూ సరిపోయాయి కనుక ఇక అనుమానం అక్కరలేదు.

నిర్వచనం ఆధారానికి ఒక కొసన ఉంటుంది కానీ నడిమధ్యన ఉండదు. తెలుగులో అది చివరికొస వైపే ఎక్కువగా మొగ్గుతుందని నా అనుభవం. 'దాచుకున్న', 'చెదిరిన', 'తిరగబడిన' వంటి మాటలు తమ తరువాత వచ్చే నామవాచకాన్ని అతుక్కుని నిలుస్తాయి కాబట్టి, కూర్పరికి అక్కడ అతుకు కనబడకుండా వేయడం సులువు. మనం ముందుగా వేలు పెట్టవలసింది ఆ అతుకు మీదే.

"తిరగబడిన కలప మీద అక్షరాలు దిద్దవచ్చు (3)" అన్నప్పుడు 'తిరగబడిన' సూచకం, 'కలప' సరుకు. వెనకనుంచి చదివితే పలక. ఇక్కడ సూచకం ముందు వచ్చిందని గమనించండి. తిరగబడటం ఈ ఆటకు పుట్టుకతోనే వచ్చిందనవచ్చు: 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రం ఆకారంలో కూర్చిన తొలి గళ్ళ నుడికట్టుకు పెట్టిన పేరు 'వర్డ్-క్రాస్'; ఆ తరువాత ఆ పేరే తారుమారై క్రాస్‌వర్డ్ అయింది.

తారుమారు ఆధారాలకు, అంటే సరుకులోని అక్షరాల వరుస మార్చవలసినవాటికి, ఒక చిన్న ఉపాయం ఉంది. "వలన చెదిరిన పెద్ద కథ (3)" అన్నదాంట్లో 'వలన'ను విభక్తిగా చదివే అలవాటు మనకు ఎంత బలమైనదంటే, అదే సరుకు అని తట్టడానికి సమయం పడుతుంది. తట్టిన తరువాత ఆ మూడక్షరాలను వరుసలో కాక గుండ్రంగా రాయండి. వరుసలో పాత పదమే కళ్ళకు అడ్డుపడుతుంది. గుండ్రంగా ఉంటే మొదలూ చివరా ఉండవు. 'న' దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగితే నవల వచ్చేస్తుంది. వేర్వేరు అక్షరాలు మూడైతే 6 అమరికలే, నాలుగైతే 24, అయిదైతే 120. అందుకే మూడక్షరాల తారుమారును నేను కష్టమైన ఆధారంగా లెక్కించను.

అసలు పరీక్ష కూడికలో ఉంటుంది. "స్వప్నం వెంట దేవుడిచ్చినది వస్తే ఆందోళనే (4)". ఇందులో సరుకు నేరుగా కనబడదు. పర్యాయపదాలు మనమే తెచ్చుకోవాలి. స్వప్నం కల, దేవుడిచ్చేది వరం, రెండూ కలిస్తే కలవరం. మొదటి ముక్కకు 'కల' తట్టకపోతే రెండో ముక్కనుంచి వెనక్కి రండి. 'వరం'తో ముగిసే నాలుగక్షరాల పదం అనుకోగానే సగం దారి గడిచినట్టే.

ఈ వారం అభ్యాసానికి నాలుగు ఆధారాలు. సమాధానం పక్కన నిర్వచనం, సూచకం, సరుకు విడగొట్టి రాయండి. కూడికలో సూచకం లేకపోవచ్చు.

1. తలకిందులైన తీగ శిరస్సు (2)
2. దేవా, నరంలో దాగిన కోతి (3)
3. నడుము లేని యుద్ధం, మెడలో హారం (2)
4. చేతికి తోక మొలిస్తే కత్తి (4)

మొదటిదానికి తీగ అన్న మాటకు మరో పేరు కావాలి. మూడోదానికి యుద్ధానికున్న పర్యాయపదాలన్నీ కాగితం మీద పెట్టి, మూడక్షరాలవి మాత్రమే ఉంచుకుని నడిమి అక్షరం కొట్టేయండి. నాలుగోదానికి సంస్కృత పదాలవైపు చూడవలసి ఉంటుంది. సమాధానాలు 4వ పాఠం మొదట్లో.