ఫోటో సైజు మార్చేటప్పుడు ఏ పద్ధతి వాడాలి

చిక్కడపల్లిలో మా ప్రింటింగ్ షాపుకు వచ్చేవారిలో చాలామంది వాట్సాప్‌లో అందిన చిన్న ఫోటోను పెద్దది చేసి ఇమ్మంటారు. ముందు లెక్క చూడండి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు కావాలి. అవి ఉంటే రీసాంప్లింగ్ (పిక్సెళ్ల సంఖ్యను పెంచడం లేదా తగ్గించడం) జోలికి పోవద్దు. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకె ఒక్కటి మారిస్తే చాలు, పిక్సెళ్లు చెక్కుచెదరవు.

చాలకపోతేనే పెంచాలి. ఫోటోలకు, ముఖ్యంగా ముఖాలకు, బైక్యూబిక్ అనే రీసాంప్లింగ్ పద్ధతి వాడండి. అది కొత్త పిక్సెల్ రంగును చుట్టూ ఉన్న 16 పిక్సెళ్ల నుంచి లెక్కిస్తుంది. బైలీనియర్ 4 మాత్రమే చూస్తుంది కాబట్టి కాస్త మసకబారుతుంది. నియరెస్ట్ నైబర్ దగ్గరి పిక్సెల్‌కు నకలు తీస్తుంది, అంతే. ముఖం అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. క్యూఆర్ కోడ్‌కు మాత్రం అదే సరైనది, అదీ రెండింతలో మూడింతలో కచ్చితంగా పెంచినప్పుడే.

అసలు జాగ్రత్త తగ్గించేటప్పుడు కావాలి. పోచంపల్లి చీర కట్టుకున్న పెళ్లికూతురి ఫోటోను నియరెస్ట్ నైబర్‌తో నాలుగో వంతుకు కుదించి చూడండి. సన్నటి ఇక్కత్ గీతల మీద, నేతలో ఎక్కడా లేని అలలు తేలవచ్చు. వాటిని మోయిరే అంటారు. నేతగాడి పనితనానికి అంతకన్నా అన్యాయం లేదు! ఇలాంటి చోట లాంజోస్ అనే పద్ధతి ఎంచుకోండి, లేదా ముందు ఫోటోను గాసియన్ బ్లర్‌తో కొద్దిగా మసకబార్చాక కుదించండి. తర్వాత స్వల్పంగా షార్పెన్ చేసి (అంచులకు పదును పెట్టి), 100 శాతం జూమ్‌లో పరిశీలించండి. శుభలేఖ అయితే అక్షరాల వత్తుల చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తే షార్పెన్ తగ్గించాలి. ఫైలును కొత్త పేరుతో సేవ్ చేయండి.