తెల్లబట్టలో వాసన మారితే గమనించండి

తెల్లబట్ట కాస్త అవ్వడం మామూలే, దానికి టెన్షన్ వద్దు. కానీ పల్చగా, బూడిద రంగు కలిసిన తెలుపులో అవుతూ చేపల వాసన వస్తుంటే, అదీ కలయిక తర్వాత ఎక్కువైతే, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ (యోనిలో మంచి బ్యాక్టీరియా తగ్గి, వేరే బ్యాక్టీరియా పెరిగిపోవడం) అయి ఉండొచ్చు. దురద పెద్దగా ఉండదు. విరిగిన పాలలా గడ్డలుగా, విపరీతమైన దురదతో అయితే అది ఎక్కువగా ఫంగస్. మందులు వేరు, కాబట్టి షాపులో అడిగి క్రీమ్ తెచ్చుకోకండి. వాసన పోవాలని లోపల సబ్బుతో, డెటాల్‌తో అస్సలు కడగొద్దమ్మా, మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా కూడా పోయి సమస్య ముదురుతుంది. పైన మామూలు నీళ్లు చాలు. బ్యాక్టీరియల్ వెజైనోసిస్ ఉన్నా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు కూడా. గర్భిణులైతే ఆలస్యం చేయకండి, నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే ఆ రోజే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి.