గంజాం సముద్రం ఒడ్డు తెలుగు కుటుంబాల చరిత్ర ఎలా వెతకాలి

ఇంగ్లాండులో సముద్రం ఒడ్డు ఊరివాళ్లు వంశం వెతకాలంటే ముందు ఊరి చర్చి రిజిస్టర్ తీస్తారు, పుట్టినవాళ్లకి బాప్టిజం, పెళ్లిళ్లు, సమాధులు అన్నీ రాసిపెట్టాలని 1538లోనే అక్కడ ఆర్డర్ వచ్చింది, 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంట్లో ప్రతి మనిషి పేరూ దొరుకుతుంది. ఒడిశా గంజాం జిల్లాలో గోపాల్‌పూర్, ఆర్జిపల్లి వైపు మనకి అలాంటి ఒక్క పుస్తకం లేదు, మన జనాభా లెక్కల ఫారాలు చట్టం ప్రకారం చూపించరు కూడా. అయినా దొరుకుతుందండి, ముక్కలు ముక్కలుగా.

ముందు 1936 ఏప్రిల్ 1 గుర్తుపెట్టుకోండి, గంజాం ఒడిశాలో కలిసిన రోజది. అంతకుముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అందుకే పాత కాగితాలు ఎక్కువగా తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, తర్వాతవి ఒడియాలోకి మారాయి. పాత సర్కారు ఫైళ్లు చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో, భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకొచ్చు, కానీ అక్కడికి పరిగెత్తే ముందు ఇంట్లో ట్రంకు పెట్టె తెరవండి.

పాత దస్తావేజు ఒక్కటి దొరికినా చాలు. పైన రాజు బొమ్మ స్టాంపు, కింద గొలుసుకట్టు రాత, చదవడం కష్టమే, పెద్ద వయసు దస్తావేజు రైటర్ ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, వాళ్ల తండ్రుల పేర్లు ఎలాగూ ఉంటాయి, అసలు సరుకు చెక్కుబందీలో ఉంటుంది: తూర్పు ఫలానా వాళ్ల ఇల్లు, పడమర ఫలానా వాళ్ల తోట అని నాలుగు దిక్కులా పేర్లు రాస్తారు కదా, అంటే ఒక్క కాగితంతో వీధి వీధంతా దొరికినట్టే. సాక్షుల్ని కూడా వదలకండి, చాలాసార్లు వాళ్లు బావమరుదులో మేనమామలో అయ్యుంటారు.

పెద్దవాళ్లని "ఏ సంవత్సరం" అని అడగొద్దు. బర్మా నుంచి మనవాళ్లు తిరిగొచ్చినప్పుడా, అంతకుముందా అని అడగండి (గోపాల్‌పూర్ నుంచి స్టీమర్లెక్కి రంగూన్ వెళ్లినవాళ్లు 1942లో జపాన్ వాళ్లు రావడంతో చాలామంది నడిచే వచ్చారు), కొత్త సంగతులకైతే 2013 ఫైలిన్ తుఫానుకి ముందా తర్వాతా అనండి, వెంటనే చెప్పేస్తారు. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయండి, అది రాయకే సగం వంశం పోతోంది. తాత పేరే మనవడికి పెడతారు కాబట్టి ప్రతి పేరు పక్కన తండ్రి పేరు ఉండాలి, లేకపోతే ఇద్దరు అప్పన్నలు ఒక్కడైపోతారు.

గయలో పిండాలు పెట్టి వచ్చిన కుటుంబమైతే అక్కడి పండా (తీర్థ పురోహితుడు) దగ్గర వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్న బహీ, అంటే పుస్తకం, ఉంటుంది, ఊరు, ఇంటిపేరు చెప్పి అడగండి.

ఇప్పటి భూమి వివరాలు ఒడిశా ప్రభుత్వం భూలేఖ్ సైట్‌లో ఒడియాలో ఉంటాయి, స్కూల్ రికార్డుల్లో మన ఇంటిపేరు ఒక్కోసారి చివరికి పోతుంది, ఒక్కోసారి కులం పేరు వచ్చి కూర్చుంటుంది, అందుకని కనిపించిన ప్రతి రూపం నోట్ చేసుకోండి. రాసేటప్పుడు ప్రతి పేరు తెలుగులోనూ ఒడియా లిపిలోనూ రాయండి, మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా చదివేది ఒడియానే.