థీసిస్ రిఫరెన్సులు ఇలా సరిచేసుకున్నాను

థీసిస్ ఇవ్వడానికి పది రోజుల ముందు చూస్తే, మూడో అధ్యాయం నుంచి రిఫరెన్సు నంబర్లన్నీ తప్పే. మధ్యలో ఒక పేపర్ చేర్చి, కిందివి మార్చడం మర్చిపోయాను. చాలా టెన్షన్ పడ్డాను.

లైబ్రరీకి వెళ్తే అక్కడి మేడమ్ జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్ వాడమన్నారు, అది ఉచితం. డీఓఐ (పేపర్‌కు ఇచ్చే గుర్తింపు నంబరు) ఇస్తే చాలు, రచయిత, సంవత్సరం, పత్రిక పేరు వచ్చేశాయి. పుస్తకాలకు వాటి మీదుండే ఐఎస్‌బీఎన్ నంబరు ఇచ్చాను. రెండూ లేని పాతవాటిని చేత్తో టైప్ చేశాను. తర్వాత వర్డ్‌లో నేను కొట్టిన ప్రతి నంబరూ తీసేసి, అక్కడ జొటెరో సైటేషన్ పెట్టాను. దీనికే రెండు రోజులు పట్టింది. ఇప్పుడు మధ్యలో ఏది చేర్చినా నంబర్లు వాటంతటవే మారుతున్నాయి.

వచ్చిన వివరాలను అసలు పేపర్‌తో పోల్చి చూడండి, నాకు పేజీ నంబర్లలో తప్పులు దొరికాయి. సైటేషన్లకు జొటెరోతో ఉన్న లింకు తెంచే ‘అన్‌లింక్ సైటేషన్స్’ బటన్ మాత్రం కాపీ ఫైల్లోనే నొక్కండి. ఆ తర్వాత నంబర్లు వాటంతటవే మారవు.