వార్డులో సెప్సిస్‌ను ముందే పట్టుకోవడం, మొదటి గంట నడపడం

జ్వరం కోసం ఎదురుచూస్తే సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) చేయి దాటిపోతుంది. వృద్ధుల్లో, స్టెరాయిడ్లు వాడేవారిలో జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు 36 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే ఇంకా చెడ్డ గుర్తు. చాలామందిలో ముందుగా మారేది శ్వాస. కేస్ షీట్లో అందరికీ నిమిషానికి 20 అనే ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం. గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి. శ్వాస 22కు చేరినా, పై బీపీ 100కు దిగినా, మాట పొంతన తప్పినా డ్యూటీ డాక్టర్‌ని పిలవాలి. 'నిన్నటిలా లేడు' అని పక్కనున్నవాళ్లు అంటే కొట్టిపారేయకండి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడేవారిలో నాడి పెరగకుండా మోసం చేస్తుంది.

లాక్టేట్‌కు (కణాలకు రక్తం, ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం), బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) రక్తం యాంటీబయాటిక్ కన్నా ముందే తీయాలి. రెండు వేర్వేరు చోట్ల నుంచి, పెద్దవారికి బాటిల్‌కు 8-10 మి.లీ. రెండు మి.లీ. పోసి పంపితే ఉన్న క్రిమి కూడా దొరకకపోవచ్చు. నరం దొరక్క 45 నిమిషాలు దాటేలా ఉంటే కల్చర్ కోసం ఆగొద్దు.

షాక్ (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి) ఉంటే యాంటీబయాటిక్ గంటలోపు పడాలి. షాక్ లేక, ఇన్ఫెక్షనా కాదా అని సందేహంగా ఉంటే పరీక్షలకు 3 గంటల వరకు వ్యవధి ఉంది. ఆలస్యం తరచూ చీటీ రాశాక జరుగుతుంది: బంధువులు మెడికల్ షాపు క్యూలో నిలబడి ఉంటారు. అందుకే మొదటి డోసు వార్డు ట్రేలోనే ఉంచాలి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగినా మొదటి డోసు సాధారణంగా తగ్గించరు. వానాకాలం, చలికాలం కేసుల్లో చంకలు, గజ్జలు, రొమ్ముల కింద నల్లటి పొక్కు వెతకండి. అది స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) అయితే సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్‌లు పనిచేయవు, డాక్సీసైక్లిన్ కావాలి.

బీపీ పడిపోయినా, రక్తంలో లాక్టేట్ లీటరుకు 4 మిల్లీమోల్ దాటినా రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం కిలోకు 30 మి.లీ., 3 గంటల్లో. 60 కిలోల మనిషికి 1800 మి.లీ. ఒక్కసారిగా వదిలేయకుండా 500 చొప్పున ఎక్కించి, ప్రతిసారీ ఊపిరితిత్తుల అడుగున చప్పుడు వినండి, ఆక్సిజన్ చూడండి. గుండె బలహీనంగా ఉంటే, డెంగ్యూ అనుమానం ఉంటే ఇంకా చిన్న మోతాదులే. డెక్స్ట్రోజ్ (చక్కెర ద్రవం) సీసాలు దీనికి పనికిరావు. సగటు బీపీ 65 కన్నా తక్కువే ఉంటే సెంట్రల్ లైన్ (మెడ, ఛాతీ లాంటి చోట పెద్ద నరంలో పెట్టే గొట్టం) కోసం ఆగకుండా మోచేయి దగ్గర పెద్ద నరంలోనే నార్‌అడ్రినలిన్ (బీపీ పెంచే మందు) మొదలుపెట్టి, సూది చోట వాపు వస్తుందేమో మాటిమాటికీ చూడాలి.

మూత్రం గంటకు కిలోకు అర మి.లీ. రావాలి. లాక్టేట్ 2 నుంచి 4 గంటల్లో మళ్లీ చూడండి. అది దిగకపోతే మందు మార్చేముందు చీము ఎక్కడైనా నిలిచిందా, మూత్రనాళం రాయితో మూసుకుపోయిందా, పాత క్యాన్యులా (నరంలో పెట్టిన చిన్న గొట్టం) చోటు ఎర్రబడిందా అని వెతకండి. ఉంటే సర్జన్‌ని అప్పుడే పిలవాలి, తెల్లారే రౌండ్స్‌కు కాదు.