పంచాయతీ పనిలో డబ్బు తిన్నారని అనుమానమా? ముందు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) తీయించండి

సమస్య: పంచాయతీ లెక్కలు చూపే ప్రభుత్వ పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఖర్చు కనిపిస్తోంది, ఊళ్లో పని కనిపించట్లేదు.
కారణం: పని చేయకుండానే బిల్లు లేపి ఉండొచ్చు. రికార్డులో పేరొకటి, జనం పిలిచే పేరొకటి కూడా కావచ్చు.
పరిష్కారం: వోచర్ నంబరు, తేదీ, మొత్తం రాసుకుని, వార్డు సభ్యుణ్ణి వెంటబెట్టుకుని చోటు చూడండి. అది తేలేదాకా వాట్సాప్‌లో ఎవరి పేరూ పెట్టొద్దు.

సమస్య: ఖాతాలో డబ్బుంది, రోడ్డు వేయట్లేదు.
కారణం: 2021-26కు కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే. ఆ వాటాతో రోడ్డు వేస్తేనే తప్పు.

సమస్య: సీసీ రోడ్డుంది, బిల్లే ఎక్కువ.
కారణం: చాలాసార్లు మందంలోనే కోత. పొడవు, వెడల్పు ఎవరైనా టేపుతో కొలుస్తారు, మందం కొలవలేరు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందమని ఎం-బుక్‌లో రాస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లవుతుంది. పోసింది 10 సెంటీమీటర్లే అయితే 30. అంచు చూసి సరిపోయిందనుకోవద్దు, అంచున నిండుగా పోసి నడుమ గ్రావెల్ ఎత్తు పెంచేస్తారు.
పరిష్కారం: క్వాలిటీ కంట్రోల్ వాళ్లతో రోడ్డు నడుమ కోర్ (మందం తెలిసేలా నిలువుగా కోసి తీసే ముక్క) తీయించమని రాసి అడగండి. మీరే గునపంతో తవ్వితే రోడ్డు పాడుచేశారని ఎదురు కేసు పెడతారు.

సమస్య: కార్యదర్శి రికార్డులు చూపట్లేదు.
కారణం: నోటిమాటగా అడగడం, లేదా "మొత్తం రికార్డులివ్వండి" అనడం.
పరిష్కారం: సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద ఆ ఒక్క పనికే అంచనా, తీర్మానం, ఎం-బుక్ పేజీలు, వోచరు నకళ్లు అడగండి. గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుం లేదు, నకలు పేజీకి 2 రూపాయలు. ఎం-బుక్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గరుందని అంటే, 5 రోజుల్లో దరఖాస్తు అక్కడికి పంపాల్సింది కార్యదర్శే. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

సమస్య: ఫిర్యాదిచ్చినా మూసేశారు.
కారణం: "లక్షలు తినేశారు" అని రాస్తే విచారించడానికి అందులో ఏమీ ఉండదు.
పరిష్కారం: ఒక ఫిర్యాదులో ఒకే పని. ఎం-బుక్ ప్రకారం ఎంత, అక్కడ ఉన్నదెంత, తేడా ఎంత. జిల్లా పంచాయతీ అధికారికిచ్చి రసీదు తీసుకోండి. విచారణ రోజు కొలతలు మీ ఎదుటే తీయించి, ఆ అంకెలు పంచనామాలోకి ఎక్కాయో లేదో చదివాకే సంతకం పెట్టండి.