పిల్లలు స్కూల్ బ్యాండులో చేరితే ఇంట్లోవాళ్లకు: సమస్య - పరిష్కారం

ఒడిశాలో మన తెలుగువాళ్లుండే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, ఎక్కడైనా వరస ఒకటే. జూన్‌లో బడి తెరుస్తారు. రథయాత్ర సందడి ముగిసేసరికి ఆగస్టు 15 పరేడ్ కోసం బ్యాండుకు పిల్లల్ని ఎంచుకుంటారు. ఆ సాయంత్రం మనింటికి సైడ్ డ్రమ్మో బ్యూగిలో వచ్చేస్తుంది. తర్వాత గణేశ్ పూజ, బాలల దినోత్సవం, వార్షికోత్సవం, జనవరి 26. అంటే ఇంచుమించు ఆరు నెలలు మోత మోగుతూనే ఉంటుంది.

మోత భరించలేక చాలామంది ముందు పిల్లల మీద విరుచుకుపడతారు. దానికి ముందు వాయిద్యం బిగింపు, వాయించే గది, వాయించే వేళ చూసుకోండి. సగం గొడవ అక్కడే తీరుతుంది. మిగిలిన దాంట్లో కొంత పెద్దవాళ్లది.

డ్రమ్ కొడితే అల్మారాలో స్టీలు గిన్నెలు కూడా మోగుతున్నాయి

సైడ్ డ్రమ్ అడుగు పొరకు ఆనుకుని సన్నటి తీగల వరస ఉంటుంది. స్నేర్ అంటారు. ఛర్రుమనే చప్పుడు దానిదే. పైగా మనవి స్లాబు ఇళ్లు, కింద టైల్స్. చప్పుడును పీల్చుకునేది ఏదీ లేక అది గోడకూ గోడకూ తగిలి తిరుగుతుంది. దగ్గర కూర్చుంటే ఈ డ్రమ్ 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 దాటిన మోతలో రోజూ గంటలు గంటలు ఉంటే వినికిడికే నష్టం.

డ్రమ్ పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని దించితే తీగలు పొరను వదిలేస్తాయి, ఉత్త దబ్‌దబ్ మిగులుతుంది. పైన పాత టవల్ పరిస్తే అదీ తగ్గుతుంది. హాల్లో కాకుండా పరుపులూ బట్టలూ ఉన్న గదిలో కూర్చోబెట్టండి. అన్నిటికంటే మంచి దారి, డ్రమ్మును బడిలోనే వదిలి రమ్మనడం. ఇంట్లో చెక్కపలక మీద పాత మౌస్ ప్యాడో రబ్బరు షీటో అంటించి ఇస్తే చాలు. కర్ర తగిలి ఎగిరి రావడం చేతికి అలవాటవ్వాలి. రబ్బరు మీద అది కుదురుతుంది, దిండు మీద కుదరదు. చెవుల్లో దూది పెట్టుకుంటే పెద్దగా లాభం లేదు, ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. పిల్లాడికి కూడా.

దెబ్బలు అడ్డదిడ్డంగా పడుతుంటే రెండు చేతులూ సమానంగా రావడం లేదని అర్థం. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. దీన్ని పారాడిడిల్ అంటారు. మీరు పక్కన కూర్చుని ‘తకధిమి తకధిమి’ అంటుంటే ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ వెయ్యమనండి. ముందు నిదానంగా. వేగం బ్యాండు సారు చూసుకుంటారు.

వానలకు డ్రమ్ మెత్తబడింది, మంట మీద కాచమంటారా?

వద్దు! ఈ సలహా తాతయ్యో మావయ్యో తప్పకుండా ఇస్తారు. వాళ్లకు డప్పు తెలుసు. డప్పుది తోలు, తేమకు సడలుతుంది, సెగ తగిలితే బిగుస్తుంది. స్కూల్ డ్రమ్ముకు ఉన్నది చాలావరకు ప్లాస్టిక్ పొర. సెగకు ముడుచుకుపోతుంది, ఆ పైన బడికి డబ్బు కట్టుకోవాలి.

అసలు కారణం చుట్టూ ఉన్న మరలు. కొట్టగా కొట్టగా అవే సడలుతాయి. వాటి తల చదరంగా ఉంటుంది, తిప్పడానికి డ్రమ్ కీ అని చిన్న తాళంచెవి లాంటిది దొరుకుతుంది. ప్లయర్స్ పెడితే తల అరిగిపోతుంది. ఒక మర బిగించాక దాని పక్కది పట్టుకోకుండా సరిగ్గా ఎదురుగా ఉన్నదానికి వెళ్లండి. ఒక్కోదానికి సగం చుట్టు చొప్పున అన్నీ పూర్తి చేసి, అంచుకు రెండు వేళ్ల దూరంలో ప్రతి మర దగ్గరా కర్రతో తట్టి చూడండి. అన్ని చోట్లా ఒకే శ్రుతి పలికితే సరిపోయినట్టే.

జాతీయగీతం మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది

ఇది అందరిళ్లలోనూ ఉంది. తాతయ్య ఉన్న ఇంట్లో మరీ కష్టం. మొదలైన ప్రతిసారీ ఆయన మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడతారు, ఎవరు చెప్పినా కూర్చోరు.

పిల్లలు ఎప్పుడూ ఒకే చోట తడబడతారు. తడబడగానే మొదటికి పోతారు. అలా వచ్చిన భాగమే వందసార్లు వాయిస్తారు, రాని భాగం రానట్టే ఉంటుంది. వినే మనకూ ఆ మొదటి వరసే తలలో తిరుగుతుంది. తడబడే చోటు ఏదో గుర్తించి, దానికి ముందు రెండు స్వరాలు, వెనక రెండు స్వరాలు కలిపి ఆ ముక్క ఒక్కటే వాయించమనండి. అది కుదిరాక ముందూ వెనకా అతికించుకోవచ్చు. ముక్కలుగా వాయిస్తే తాతయ్యా లేవక్కర్లేదు.

ఇంకొక మాట. జాతీయగీతం పూర్తిగా వాయించడానికి నిర్ణయించిన సమయం సుమారు 52 సెకన్లు. ఇంట్లో అది నిమిషంన్నర పట్టినా కంగారు పడొద్దు. నేర్చుకునేటప్పుడు నిదానంగా వాయించడమే మంచిది. ఫోన్లో పాట పెట్టి దానితో కలిపి వాయించమని పరుగెత్తించకండి.

బ్యూగిల్‌లో గాలి తప్ప ఏమీ రావట్లేదు, వచ్చినా ఆవు అరిచినట్టుంది

బ్యూగిల్‌కు మీటలుండవు, రంధ్రాలుండవు. గొట్టం పొడవు మారదు కాబట్టి అందులో సహజంగా పలికే కొన్ని స్వరాలే వస్తాయి. మామూలు బ్యూగిల్ పిలుపులన్నీ ఐదు స్వరాల్లోనే ఉంటాయి. ఏ స్వరం పలకాలన్నది పెదవుల బిగువు మీద ఆధారపడుతుంది. బుగ్గలు పూరించి గట్టిగా ఊదితే పెదవులు అదరవు, ఉత్త గాలే పోతుంది. పక్కింటి మావుసీ సాయంత్రం శంఖం ఊదేటప్పుడు గమనించమనండి. కిటుకు అదే. ఇష్టపడితే ఆవిడ్నే నేర్పమని అడగండి, ఆవిడకు బ్యాండు సారుకంటే ఓపిక ఎక్కువ ఉండొచ్చు.

ముందు మౌత్‌పీస్ ఒక్కటే ఊడదీసి, దాంతోనే ‘బుర్ర్’ మనిపించాలి. అది నిలకడగా వచ్చాకే బ్యూగిల్‌కు తగిలించాలి. కాసేపు ఊదితే అంతసేపు ఆపాలి. పెదవి కండరం అలిసిపోయాక ఊదితే వచ్చేది పైన చెప్పిన ఆవు అరుపే.

ఆరేడేళ్ల పిల్లల విషయంలో అసలు కారణం పళ్లు కావచ్చు. మౌత్‌పీస్ ఆనేది ముందు పళ్ల మీద. పాలపళ్లు ఊడి సందు ఉన్నప్పుడు ఎంత ఊదినా కుదరదు. కొత్త పళ్లు వచ్చేదాకా తాళాలో ట్రయాంగిలో ఇమ్మని సారుతో చెప్పండి, అందులో నామోషీ లేదు. క్లిప్పులు వేయించుకున్న పెద్ద పిల్లలకు పెదవి లోపల కోసుకుంటుంటే పళ్ల డాక్టరును అడగాలి. ఒకే మౌత్‌పీస్ నలుగురు పిల్లలు వాడతారు కాబట్టి ఇంటికి రాగానే గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడగడం తప్పనిసరి.

రికార్డర్ కీచుమంటోంది

రికార్డర్ అంటే నోటితో ఊదే వేణువు లాంటి వాయిద్యం. కీచుమంటే మూడు కారణాల్లో ఒకటి. గట్టిగా ఊదడం, రంధ్రాలు పూర్తిగా మూయకపోవడం, లోపల తేమ చేరడం. ముందు వైపు ఏడు రంధ్రాలు, వెనక ఎడమ బొటనవేలికి ఒకటి ఉంటాయి. కీచులో ఎక్కువ పాపం ఆ వెనకదానిదే. పిల్లలు పైన కుడిచెయ్యి పెట్టుకుని కానిస్తుంటారు, పైన ఉండాల్సింది ఎడమచెయ్యి. ఊపిరి మరీ మెల్లగా, అద్దం మీద ఆవిరి పట్టించేంత వదిలితే చాలు. స్వరం మొదట్లో ‘తూ’ అని నాలుక తగిలించాలి.

బాగా పలికినది పావుగంటకు మూగబోతే లోపల తేమ చేరినట్టు. పై కిటికీ లాంటి సందును వేలితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే పోతుంది. పిన్నీసు పెట్టి గెలకొద్దు. గాలి పోయే దారి గీసుకుపోతే ఇక బాగుపడదు.

మావాడు రోజంతా ‘ఢాం... ఢాం’ తప్ప ఏమీ వాయించడు, ఇదేం సంగీతం?

బేస్ డ్రమ్ పిల్లాడి వంతు అంతే. ఇంట్లో మనకు వినిపించేది పాటలో ఒక ముక్క, మిగతా ముక్కలు వేరే వీధుల్లో వేరే ఇళ్లను విసిగిస్తుంటాయి. అయినా బ్యాండు మొత్తం అడుగు కలిపేది ఈ ఢాం మీదే. ఈ పిల్లాడు తొందరపడితే ముందు వరస పరుగెత్తుతుంది. పాట మీరు పాడండి, వాడు తొడ మీద దెబ్బ వెయ్యాలి. ఇంట్లో ఎవరి గొంతైనా ఫరవాలేదు. తాళాలు పట్టుకున్న పిల్లలకూ ఇదే మందు. వాళ్లకు ఎక్కువసేపు ఊరుకుని, ఒక్కచోట సరిగ్గా కొట్టడమే పని, లెక్కపెట్టడం రావాలి.

పక్కింటివాళ్లు మాట్లాడ్డం మానేశారు

వాయించే వేళ చూడండి. ఎండలు ముదిరాక ఒడిశాలో బళ్లు పొద్దుటిపూటకు మారతాయి. పిల్లలు ఎండెక్కేలోపే ఇంటికొచ్చి, తినేసి, డ్రమ్ తీస్తారు. సరిగ్గా అప్పుడే వీధంతా పఖాళ తిని నడుం వాలుస్తుంది. చద్దన్నం తిన్న నిద్ర ఎంత గట్టిదో మనకు వేరే చెప్పక్కర్లేదు, దాన్ని చెడగొడితే ఎవరికైనా కోపం వస్తుంది.

సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి సంధ్యాదీపం వేళకు ముగించండి. రోజుకు అరగంట చాలు. ఆ వేళేదో మీరే ముందు వెళ్లి చెప్పి రండి, ఎప్పుడు ఆగుతుందో తెలిస్తే మనుషులు చాలా ఓర్చుకుంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఈ అంకెలు మీకు తెలిసి ఉండటం మంచిదే కానీ, ‘పగలే కదా’ అని పక్కింటి గుమ్మంలో నిలబడి వాదించకండి. డ్రమ్ పగటి హద్దును కూడా ఎప్పుడో దాటేసింది. వాళ్లింట్లో మెట్రిక్ పరీక్షకు చదివే పిల్లలుంటే ఫిబ్రవరి నుంచి రబ్బరు పలక తప్ప ఇంకేదీ తియ్యకండి.

ఒడిస్సీ నేర్చుకునే అమ్మాయికి మోకాళ్ల నొప్పులు, అమ్మమ్మకు కోపం

నొప్పికి కారణం తరచుగా చౌకా భంగిమ. రెండు మోకాళ్లూ బయటికి వంచి సగం కూర్చున్నట్టు నిలబడాలి. మోకాలు పాదం వేళ్ల వైపే తిరిగి ఉండాలి, లోపలికి వాలితే బరువంతా కీలు మీద పడుతుంది. టైల్స్ మీద గట్టిగా అడుగులు వేసినా నొప్పే. కింద చాపో పలచటి మ్యాటో వెయ్యండి, ముందు ఒళ్లు కాస్త వేడెక్కించాలి. తొడల్లో పీకు రెండ్రోజుల్లో పోతుంది. మోకాలు వాచినా, మెట్లెక్కేటప్పుడు నొప్పి పెడుతున్నా తరగతి ఆపి డాక్టరుకు చూపించండి.

ఇక అమ్మమ్మ. ‘మన కూచిపూడి ఉండగా ఇదెందుకు?’ అంటారు. ఊళ్లో మంచి ఒడిస్సీ గురువు ఉండగా కూచిపూడి కోసం వారం వారం రైలెక్కి పార్వతీపురం తిప్పడం నాకైతే తెలివైన పని అనిపించదు. జయదేవుడి అష్టపదులు అక్కడా ఆడతారు, ఇక్కడా ఆడతారు. అమ్మమ్మకు వచ్చిన అష్టపది ఏదైనా ఉంటే పాడమని, మనవరాలిని అభినయం పట్టమనండి. ఆ తర్వాత గజ్జెలు తుడిచి పెట్టేది ఆవిడే అవుతుంది.

ఒడియా ఉపన్యాసం తెలుగులో రాసి బట్టీ పట్టించాం, మార్కులు రాలేదు

తెలుగు లిపిలో రాస్తే పిల్లలు మన ‘అ’ పలుకుతారు. ఒడియాలో అది ‘ఒ’ వైపు గుండ్రంగా వాలుతుంది. టీచరు చదువుతుండగా ఫోన్లో రికార్డు చేయించి వినిపించండి. మీరు దిద్దకండి.

ప్రతి ఆదివారం పొద్దున్నే కడుపునొప్పి

శనివారం లేదు, సోమవారం లేదు, ఆదివారం డ్రాయింగుకీ కరాటేకీ మధ్యన మాత్రమే ఉంది. మందులషాపుకు వెళ్లకుండా ముందు ఏదో ఒక తరగతి మాన్పించండి. ఏది మానాలో పిల్లల్నే అడగండి, బ్యాండు అని మీరు ఆశగా సూచించకండి.

పరేడ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది

ఖాళీ కడుపుతో వెళ్లడం, నీళ్లు తాగకపోవడం, మోకాళ్లు బిగబట్టి కదలకుండా నిలబడటం. మోకాళ్లు బిగిస్తే కాళ్లలో రక్తం పైకి సరిగ్గా రాదు. జెండా వందనానికి పెందలాడే పోవాలి కాబట్టి ఇంట్లో రెండు ఇడ్లీలైనా తినిపించి పంపాలి. నిలబడ్డప్పుడు మోకాలు కొద్దిగా సడలించి, బూటు లోపల వేళ్లు కదుపుతుండమని చెప్పండి. కళ్ల ముందు చీకట్లు కమ్మితే సిగ్గుపడకుండా అక్కడే కూర్చోవాలి. కొత్త కాన్వాస్ బూట్లు ఆ రోజే తొడగొద్దు, వారం ముందు నుంచి ఇంట్లో వేసుకు తిరగాలి.

వార్షికోత్సవంలో మూడు గంటలు కూర్చున్నాం, మా పిల్ల మూడు నిమిషాలు కనిపించింది

దీనికి పూర్తి పరిష్కారం లేదు. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు, ఆయనకు ముందు నలుగురు మాట్లాడతారు, సంబల్‌పురి డ్యాన్సులు వరసగా ఐదుంటాయి. ముందురోజే క్లాస్ టీచరును అడిగి కార్యక్రమాల వరస ఫోటో తీసుకోండి. చిన్నపిల్లలకు అన్నం పెట్టి తీసుకెళ్లండి. వీడియో కోసం స్టేజీ కిందికి దూరిపోవద్దు. డ్రమ్ముకు మరీ దగ్గరైతే ఫోన్ మైకు ఆ మోతను పట్టలేక రికార్డింగు బరబరమంటుంది. ఏడెనిమిది వరసల వెనక, పక్కన దారి ఉన్న కుర్చీ మేలు.

అద్దెకు తెచ్చిన డ్యాన్సు డ్రెస్సు హుక్కులు ముందురోజు సాయంత్రమే చూసుకుని, రెండు పిన్నీసులు దగ్గరుంచుకోండి. బ్యాండు యూనిఫారం ఉతికి బడికి తిరిగి ఇచ్చేముందు జేబులు తడమండి. బ్యూగిల్ మౌత్‌పీస్ తరచూ అక్కడే ఉంటుంది, ఆ సంగతి ఫిబ్రవరిలో సారు ఫోన్ చేసేదాకా ఎవరికీ గుర్తురాదు.